యాసంగి వేరుశనగకు ఎంత నీరు కావాలి: పటం ఆధారంగా లెక్క

వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో బోరు కింద యాసంగి వేరుశనగ వేసే రైతు, తనకున్న నీటికి ఎన్ని ఎకరాలు పారుతుందో విత్తనం కొనకముందే లెక్క వేసుకోవచ్చు. ఇందుకు కావలసినవి ఒక కంప్యూటర్, ఒక డ్రమ్ము, కొంత ఓపిక.

మొదటి పని విస్తీర్ణం. పాస్‌పుస్తకంలోని అంకెను ఇక్కడ వాడకూడదు. అందులో గట్లు, బాట, పశువుల కొట్టం, చెట్ల నీడలో పంట రాని చోటు అన్నీ కలిసి ఉంటాయి. గూగుల్ ఎర్త్‌లో పొలాన్ని దగ్గరగా తెచ్చుకొని, కొలిచే సాధనంతో నిజంగా విత్తే భాగం చుట్టూ మాత్రమే గీత గీస్తే వైశాల్యం చదరపు మీటర్లలో వస్తుంది. దాన్ని 4,047తో భాగిస్తే ఎకరాలు. పాస్‌పుస్తకంలో 4 ఎకరాలున్న పొలం ఇలా కొలిస్తే 3.5 ఎకరాలే తేలిందనుకుందాం.

రెండోది వాతావరణం అడిగే నీరు. పచ్చిక కప్పిన నేల నుంచి రోజుకు ఎన్ని మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందో చెప్పే అంకెను ఈటీవో అంటారు. పొలం అక్షాంశ రేఖాంశాలు ఇస్తే నాసా పవర్ అనే ఉచిత సేవ ఆ చోటి ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, సౌర వికిరణాలను ఇస్తుంది. వాటిని ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వారి ఈటీవో కాలిక్యులేటర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో వేస్తే ఈటీవో అంకె వస్తుంది. నాసా నేలను గళ్లుగా విభజించి గడికొక వాతావరణ అంకె ఇస్తుంది, ఒక్కో గడి దాదాపు 50 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది కనుక పొరుగు మండలానికీ చాలావరకు అదే అంకె రావచ్చు; దశాంశ స్థానాల దగ్గర పట్టుదల అనవసరం.

ఆ అంకెను పంట గుణకంతో, అంటే పచ్చికతో పోలిస్తే మన పంట ఎంత నీరు వాడుతుందో చెప్పే అంకెతో, హెచ్చించాలి. 1998లో ఎఫ్‌ఏఓ ప్రకటించిన పట్టికల ప్రకారం వేరుశనగకు ఇది మొలక దశలో 0.4, పైరు నేలంతా కమ్మి ఊడలు దిగి కాయ ఊరే కాలంలో 1.15, కోతకు వచ్చేసరికి 0.6. లెక్క ఎప్పుడూ 1.15 మీదే కట్టాలి, ఎందుకంటే బోరు తట్టుకోవలసింది ఆ రోజులనే. ఈటీవో 4.5 మిల్లీమీటర్లనుకుంటే పంటకు రోజుకు సుమారు 5.2 మిల్లీమీటర్లు కావాలి. ఒక ఎకరంలో ఒక మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు, కనుక 3.5 ఎకరాలకు సుమారు 73,700 లీటర్లు. స్ప్రింక్లర్లతో పెట్టిన నీటిలో 75 శాతమే పంటకు అందుతుందని లెక్కిస్తే బోరు నుంచి 98,000 లీటర్లకు పైగా తోడాలి.

ఇక బోరు. 'రెండించుల నీళ్లు' అన్న మాట లెక్కకు పనికిరాదు. మోటారు గంటసేపు నడిచాక 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడాలి. 80 సెకన్లు పడితే గంటకు 9,000 లీటర్లు. అంటే మోటారు రోజూ దాదాపు 11 గంటలు నడవాలి. ఎండలు ముదిరే కొద్దీ బోరు తగ్గుతుంది కనుక ఇది నిలిచే లెక్క కాదు. విస్తీర్ణాన్ని 2.5 ఎకరాలకు కుదిస్తే 8 గంటలలోపే సరిపోతుంది. నా దృష్టిలో మిగిలిన ఎకరాన్ని ఖాళీగా వదలడమే మేలు. కాయ ఊరే దశలో మొత్తం పైరు ఎండితే పోయేది ఎకరం పంట మాత్రమే కాదు.

పైరు లేచాక సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు తోడ్పడతాయి. ఇవి సాధారణంగా 5 రోజులకొకసారి, 10 మీటర్ల స్పష్టతతో ఉచితంగా దొరుకుతాయి; యాసంగిలో మబ్బుల బెడద కూడా తక్కువ. పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ చిత్రంలో ఒక మూల వెలిసినట్లు కనబడితే వెంటనే అక్కడ నీరు పెంచకూడదు. మొలక పలచబడినా, తెగులు సోకినా చిత్రం అలాగే ఉంటుంది. అక్కడికి వెళ్లి జానెడు లోతు తవ్వి, మట్టిని పిడికిట పట్టి చూడాలి: ఉండ కట్టకుండా రాలిపోతే అది నీటి కొరతే, ముందుగా ఆ వైపు స్ప్రింక్లర్ నాజిల్ మూసుకుపోయిందేమో చూడాలి.