డచ్ సంయుక్త క్రియలు – 4వ పాఠం: ‘వార్‌నేమెన్’లోని ‘వార్’ ఏది?

సంయుక్త క్రియను రెండు భాగాలుగా విడదీయడం కిందటి పాఠంలో నేర్చుకున్నాము. విడదీసిన భాగానికి ఆ క్రియలో ఏ అర్థం వర్తిస్తుందో తేల్చుకోవడం ఈ పాఠంలోని సాధన. ఇందుకు ‘గమనించు, గ్రహించు’ అనే అర్థంగల ‘వార్‌నేమెన్’ను తీసుకుందాము. రెండవ భాగమైన ‘నేమెన్’కు ‘తీసుకొను’ అని అర్థం. దానితో ఇబ్బంది లేదు.

చిక్కంతా మొదటి భాగంతోనే. నేటి డచ్ భాషలో ‘వార్’ అనే రూపం ‘నిజమైన’, ‘ఎక్కడ’, ‘సరుకు’ అనే వేర్వేరు మాటలకు వాడుకలో ఉంది. వీటిలో మొదటిదాన్ని పట్టుకొని, ‘నిజమని స్వీకరించడమే గ్రహించడం’ అని అన్వయించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ అన్వయం ఎంత అందంగా ఉన్నా సరైనది కాదు. ‘నిజమైన’ అనే ‘వార్’ లాటిన్ ‘వేరుస్’కు జ్ఞాతి పదం కాగా, మన క్రియలోనిది ‘శ్రద్ధ, జాగరూకత’ అనే అర్థంగల పాత జర్మానిక్ నామవాచకం. ఇంగ్లీషు ‘అవేర్’, ‘బివేర్’ పదాలలో ఉన్నదీ అదే. ప్రాచీన ఉన్నత జర్మన్‌లో ‘వర నేమన్’ అనే పదబంధం కనిపిస్తుంది. అంటే ‘శ్రద్ధ తీసుకొను’ అనే కూర్పే క్రమంగా ఒకే క్రియగా స్థిరపడింది.

ఈ వ్యుత్పత్తి సరైనదని నమ్మడానికి నాకు అన్నిటికన్నా బలంగా తోచే ఆధారం క్రియకున్న రెండవ అర్థం. నెదర్లాండ్స్‌లో మేయరు పదవి ఖాళీ అయినప్పుడు తాత్కాలికంగా ఆ బాధ్యతలు చూసే వ్యక్తిని ‘వార్‌నేమెంట్ బుర్ఖెమేస్టర్’ అంటారు. ‘నిజం’ నుండి ఈ అర్థాన్ని రాబట్టడం కష్టం. ‘శ్రద్ధ వహించు’ నుండి అది సహజంగా వస్తుంది. మన ‘కనిపెట్టు’ కూడా గుర్తించడానికీ, ‘ఇల్లు కనిపెట్టుకొని ఉండు’ అన్నప్పుడు కాపాడుకోవడానికీ చెల్లుతుంది కదా.

రూపాల విషయానికి వస్తే, వాక్యంలో ఈ క్రియ విడిపోతుంది: వర్తమానంలో ‘ఇక్ నేమ్ వార్’, భూతకాలంలో ‘ఇక్ నమ్ వార్’. భూత కృదంతంలో ‘ఖె’ నడుమ చేరి ‘వార్‌ఖెనోమెన్’ అవుతుంది. అయితే నామవాచకంతో మొదలయ్యే ప్రతి క్రియా ఇలా విడిపోతుందని అనుకోరాదు.

అభ్యాసం: ‘హెచ్చరించు’ అనే అర్థంగల ‘వార్‌స్ఖ్యూవెన్’లో కూడా ఇదే ‘వార్’ ఉంది, కాని అది విడిపోదు. దాని వర్తమాన, భూతకాల, భూత కృదంత రూపాలను నిఘంటువులో చూసి, పై మూడు రూపాల పక్కన రాసుకోండి. 5వ పాఠాన్ని ఆ పట్టికతోనే ప్రారంభిద్దాము.