ఐసా తీసే ముందు వీసా తేదీ చూసుకోండి

యూకేకి వచ్చి నాలుగైదు జీతాలు పడి, చేతిలో కాస్త డబ్బు నిలిచాక మనవాళ్లు తరచూ అడిగే మాట ఇది: "అన్నా, ఐసా తియ్యమంటున్నారు. ఫిక్స్‌డ్‌లో వెయ్యాలా, ఈజీ యాక్సెస్‌లో వెయ్యాలా?" ఐసా అంటే వడ్డీ మీద పన్ను పడని ఇక్కడి పొదుపు ఖాతా; ఫిక్స్‌డ్‌లో డబ్బు గడువు దాకా ఉంచాలి, ఈజీ యాక్సెస్‌లో ఎప్పుడైనా తీసుకోవచ్చు. నేను వడ్డీ రేటు సంగతి తర్వాత చూద్దాం అంటాను. ముందు, మీ వీసా ఎప్పటితో అయిపోతుంది?

ఎందుకంటే ఇక్కడ మన ఖర్చుల్లో అన్నిటికన్నా పెద్దది ముందే తేదీ రాసిపెట్టుకుని కూర్చుంటుంది. స్కిల్డ్ వర్కర్ వీసా పొడిగించుకునేటప్పుడు హెల్త్ సర్‌ఛార్జ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే రుసుము) పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. భార్యాభర్తలు, ఒక పాప ఉన్న ఇంటికి మూడేళ్లకి లెక్క వేస్తే 8,538 పౌండ్లు. వాయిదాలు ఉండవు, దరఖాస్తు రోజే మొత్తం కట్టాలి. వీసా ఫీజు దీనికి అదనం. పది నెలల్లో ఈ ఖర్చు ఉన్న మనిషి, రేటు పావు శాతం ఎక్కువ వస్తుందని ఉన్నదంతా రెండేళ్ల ఫిక్స్‌డ్‌లో పెట్టాడంటే ఆ పది నెలలూ టెన్షనే.

ఐసా 1999 నుంచి ఉంది. ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు ఒక పన్ను సంవత్సరం. ఆ ఏడాదిలో ఒక్కొక్కరు 20,000 పౌండ్ల వరకు వేసుకోవచ్చు. వచ్చిన వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు. వాడుకోని కోటా వచ్చే ఏడాదికి రాదు. 18 ఏళ్లు నిండి, యూకే నివాసి అయి ఉండాలి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ సాధారణంగా అడుగుతారు. జాయింట్ ఖాతా కుదరదు, ఎవరి ఐసా వారిదే. 2027 ఏప్రిల్ 6 నుంచి 65 ఏళ్ల లోపు వారు క్యాష్ ఐసాలో (షేర్లు కాకుండా డబ్బు వడ్డీకి ఉండే రకం) ఏడాదికి 12,000 మాత్రమే వేయగలరు. మొత్తం కోటా 20,000గానే ఉన్నా, మిగతాది వాడుకోవాలంటే షేర్ల వైపు వెళ్లాలి.

అసలు మీకు ఐసా అవసరమా అన్నది కూడా ఆలోచించండి. మామూలు సేవింగ్స్ ఖాతాలో కూడా 20 శాతం పన్ను స్లాబులో ఉన్నవారికి ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ వరకు పన్ను పడదు. 40 శాతం స్లాబుకి ఆ పరిమితి 500, దాని పై స్లాబుకి సున్నా. నాలుగు శాతం వడ్డీ అనుకుంటే 1,000 పౌండ్లు రావాలంటే 25,000 ఉండాలి. ఎనిమిది వేలు దాచుకున్నవారు ఐసా అయినా కాకపోయినా ఎక్కడ రేటు బాగుంటే అక్కడ వేసుకోవచ్చు. కానీ మనవాళ్లు ఒకటి మర్చిపోతారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న ఎఫ్‌డీల వడ్డీ కూడా ఆ వెయ్యిలోకే లెక్క. ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో ఉండేవారు ఇండియాలో తెరిచే ఖాతా) వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కదా అని ఊరుకుంటే కుదరదు, యూకేకి అది ఆదాయమే. కొత్తగా వచ్చినవారికి మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయం మీద ఒక మినహాయింపు ఉంది. అది కోరుకుంటే 12,570 పౌండ్ల వ్యక్తిగత మినహాయింపు వదులుకోవాలి కాబట్టి చాలామందికి గిట్టుబాటు కాదు. ఊళ్లో ఎఫ్‌డీలు గట్టిగా ఉన్నవారు ఇక్కడి డబ్బు ఐసాలో పెట్టుకోవడమే మేలు.

ఇక ఏది అన్న ప్రశ్న. ఈజీ యాక్సెస్‌లో ఎప్పుడైనా తీసుకోవచ్చు, కానీ రేటు బ్యాంకు ఇష్టం. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు 2023 ఆగస్టులో 5.25 శాతం ఉంటే, 2025 డిసెంబరుకి 3.75కి దిగింది. దానితో పాటు ఈ ఖాతాల రేట్లూ దిగాయి. 2023లో రెండేళ్లకు ఫిక్స్ చేసుకున్నవారికి మాత్రం పాత రేటే నడిచింది. ఇంకో సంగతి, పెద్ద అక్షరాల్లో కనిపించే రేటులో మొదటి 12 నెలల బోనస్ కలిసి ఉండొచ్చు. ఏడాది తిరిగాక అది ఊడిపోతుంది. ఏడాదికి ఇన్నిసార్లకు మించి తీస్తే రేటు తగ్గించే ఖాతాలూ ఉన్నాయి. షరతుల పేజీ ఒకసారి చదవండి.

ఫిక్స్‌డ్ అంటే తాళం వేసి తాళంచెవి పారేయడం అని చాలామంది భయపడతారు. మామూలు ఫిక్స్‌డ్ బాండ్లలో అది చాలావరకు నిజమే. ఐసాలో అలా కాదు, గడువుకు ముందే తీసుకునే వీలు నిబంధనల ప్రకారమే ఉంది, కాకపోతే వడ్డీలో కోత పడుతుంది. ఏడాది ఫిక్స్‌డ్‌కి 90 రోజుల వడ్డీ కోసే బ్యాంకులు చాలా ఉన్నాయి. 10,000 పౌండ్లు నాలుగు శాతానికి వేసి ఆరు నెలలకు తీశారనుకోండి. వచ్చిన వడ్డీ దాదాపు 200, కోత దాదాపు 99, చేతికి వచ్చేది వందే. అదే డబ్బు 3.8 శాతం ఈజీ యాక్సెస్‌లో ఉంటే 190 వచ్చేది. రెండో నెలలోనే తీస్తే కోత వడ్డీని దాటి అసలుకే తగలొచ్చు.

అందుకే నేను చెప్పే పద్ధతి ఇది. వచ్చే వీసా ఖర్చు, మూడు నెలల ఇంటి అద్దె, సరుకులు, ఊరి నుంచి అర్ధరాత్రి ఫోన్ వస్తే ఎక్కాల్సిన విమానం టికెట్లు, ఇవన్నీ ఈజీ యాక్సెస్‌లో ఉండాలి. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ని, అంటే వీసాకి పూచీ ఇచ్చే కంపెనీని, వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే దొరుకుతాయి. ఆ రెండు నెలలూ డబ్బు చేతికందే చోట ఉండాలి. ఇవి పోగా మిగిలింది ఫిక్స్ చేయండి, అదీ గడువు వీసా తేదీకి ముందే ముగిసేలా. 2024 ఏప్రిల్ నుంచి ఒకే ఏడాదిలో రెండు మూడు క్యాష్ ఐసాల్లో వేసుకోవచ్చు, కోటా మొత్తం మీద దాటకుండా ఉంటే చాలు. ఒక్కో బ్యాంకులో 1,20,000 పౌండ్ల వరకు డిపాజిట్ రక్షణ ఉంది కాబట్టి పెద్దగా పేరు వినని బ్యాంకు అయినా, ఆ రక్షణ ఉందని సరిచూసుకుంటే భయం లేదు.

ఒక ఐసా నుంచి ఇంకో ఐసాకి మారేటప్పుడు మాత్రం డబ్బు మీ చేతుల మీదుగా పోనివ్వకండి. మా బావమరిది రేటు బాగుందని పాత ఐసాలోంచి 15,000 కరెంట్ ఖాతాలోకి తీశాడు. ఆ ఏడాది కోటాలో 12,000 అప్పటికే వాడేశాడు. పాత ఖాతా ఫ్లెక్సిబుల్ రకం కాదు, తీసింది తిరిగి వేయడానికి లేదు. కొత్త ఐసాలోకి 8,000 మాత్రమే వెళ్లింది, మిగతా 7,000 పన్ను నీడ లోంచి బయటపడిపోయింది. కొత్త బ్యాంకు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ ఫారం నింపితే వాళ్లే తెచ్చుకుంటారు. క్యాష్ నుంచి క్యాష్‌కి 15 పని దినాల్లో అయిపోవాలి.

ఎప్పటికైనా ఇండియా వెళ్లిపోదామనుకునేవారికి: యూకే నివాసి కాకుండా పోయాక ఐసాలో కొత్తగా వేయలేరు, ఉన్నది ఉంచుకోవచ్చు. కానీ ఇండియా ఈ మినహాయింపును గుర్తించదు. పూర్తి నివాసి హోదా వచ్చిన ఏడాది నుంచి ఆ వడ్డీ మీద అక్కడ పన్ను కట్టాలి, రిటర్న్‌లో విదేశీ ఆస్తుల కింద చూపించాలి. మధ్యలో ఆర్‌ఎన్‌ఓఆర్ హోదా (తిరిగి వెళ్లిన కొత్తలో, పూర్తి నివాసి కాకముందు ఉండే హోదా) ఉన్నన్నాళ్లు వెసులుబాటు ఉంటుంది. కాబట్టి వెళ్లే ఏడాది తెలిసినవారు ఐదేళ్ల ఫిక్స్‌డ్ జోలికి పోవద్దు.

ఫిక్స్‌డ్ గడువు తీరే ముందు బ్యాంకు ఉత్తరం రాస్తుంది, ఏం చెయ్యమంటారని. నా మొదటి ఐసాకి ఆ ఉత్తరం హౌన్స్‌లోలో మేము ఖాళీ చేసిన పాత ఇంటికి వెళ్లింది. నేను జవాబు ఇవ్వలేదు కాబట్టి డబ్బు నామమాత్రం వడ్డీ ఉన్న ఖాతాలోకి మారిపోయి ఎనిమిది నెలలు అలాగే పడి ఉంది. మొదటి రెండు మూడేళ్లు మనం ఇళ్లు మారుతూనే ఉంటాం. కౌన్సిల్‌కి, డాక్టర్‌కి కొత్త అడ్రస్ ఇచ్చే రోజే ఐసా బ్యాంకుకీ ఇవ్వండి. గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో మూడు వారాల ముందుకు రాసిపెట్టుకోండి.