కిడ్నీ జబ్బున్న కుక్కను ఇంట్లో చూసుకునే పద్ధతి

మూత్రపిండాలు దీర్ఘకాలంగా దెబ్బతిన్న కుక్కకు, పోయిన శక్తిని ఏ మందూ తిరిగి తేలేదు. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపవలసిన వ్యర్థం) పెరిగిందని తెలిసేసరికే మూత్రపిండాల పనితనంలో చాలా భాగం పోయి ఉంటుంది. ఇక మిగిలినదాని మీద భారం పడకుండా చూడడమే చికిత్స. అందులో ఎక్కువ భాగం జరిగేది ఆసుపత్రిలో కాదు, మీ ఇంట్లోనే.

అన్నిటికన్నా ముఖ్యమైనది నీళ్లు. ఈ జబ్బున్న కుక్క పదే పదే నీళ్లు తాగుతుంది, ఇంట్లోనే మూత్రం పోస్తుంది. అది చూసి రాత్రిపూట గిన్నె తీసేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయవద్దు. దెబ్బతిన్న మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచలేవు కాబట్టి ఒంట్లోని నీరు బయటికి పోతూనే ఉంటుంది, పోయినదాన్ని పూడ్చుకోవడానికే కుక్క అంతగా తాగుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే తిరుపతి ఎండలో ఒక్క పూట నీళ్లు అందకపోయినా పరిస్థితి విషమించవచ్చు. ఇంట్లో రెండు మూడు చోట్ల గిన్నెలు పెట్టి, కుక్కను మిద్దె మీద కాకుండా నీడపట్టున, గాలి ఆడే గదిలో ఉంచండి.

ఎంత తాగుతున్నదో కొలవడం కూడా అలవాటు చేసుకోవాలి. ఉదయం కొలిచి పోసిన నీళ్లలో మరునాడు అదే వేళకు ఎంత మిగిలిందో చూసి, తేడాను నోటు పుస్తకంలో రాయండి. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు మించితే, అంటే 20 కిలోల కుక్క రెండు లీటర్లకు పైగా తాగితే, అది మామూలు దాహం కాదు. వారానికోసారి కుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేసి దాని బరువు రాసుకోండి. వైద్యుడికి మీరు చెప్పే మాటలకన్నా ఈ అంకెలే ఎక్కువ ఉపయోగపడతాయి.

తాగే నీరు చాలని దశలో చర్మం కింద సెలైన్ ఎక్కించమని వైద్యుడు చెప్పవచ్చు. ఏ సెలైన్, ఎంత అన్నది ఆయనే నిర్ణయించాలి. గుండె జబ్బు కూడా ఉన్న కుక్కకు ఇది ప్రమాదం కావచ్చు. మొదటిసారి ఆయన ముందే చేసి నేర్చుకోండి. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, ఎత్తులో వేలాడదీసి, గొట్టంలోని గాలి పోయేదాకా కొంచెం వదలండి. భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని పైకెత్తితే కింద ఒక ఖాళీ ఏర్పడుతుంది. కొత్త సూదిని ఆ ఖాళీలోకి, ఒంటికి దాదాపు సమాంతరంగా గుచ్చాలి. సెలైన్ దిగేకొద్దీ అక్కడ మెత్తటి బుడిపె లేచి, తర్వాత ముందుకాలి వైపు జారుతుంది. చూడడానికి భయంగా ఉన్నా అది కొన్ని గంటల్లో ఒంట్లో ఇంకిపోతుంది. పాత బుడిపె ఇంకకుండానే మళ్లీ ఎక్కించవద్దు, ముందు వైద్యుడిని అడగండి. ఆ కాసేపూ ఇంకొకరు కుక్క తల నిమురుతూ కూర్చుంటే అది కదలకుండా ఉంటుంది.

తిండిలో తగ్గించవలసింది భాస్వరం. ఎముకలు, కార్జం, ఎండుచేపలు మానేయాలి. మన చిత్తూరు వైపు కుక్కలకు రాగి సంగటి పెట్టడం అలవాటే గానీ, తెల్లన్నంకన్నా రాగుల్లో భాస్వరం ఎక్కువ కనుక ఈ జబ్బుకు అన్నమే మేలు. గుడ్డులో పచ్చసొన తీసేసి తెల్లసొన పెట్టవచ్చు. మాంసకృత్తులు పూర్తిగా మాన్పిస్తే కండ కరిగిపోతుంది కాబట్టి మాంసం ఎంత పెట్టాలో వైద్యుడిని అడిగి తెలుసుకోండి. భాస్వరాన్ని పట్టి ఉంచే మందు ఇస్తే దాన్ని తిండితోపాటే వేయాలి, ఖాళీ కడుపుతో వేస్తే ఫలితం ఉండదు.

ఊళ్లో ప్రతి ఇంటికీ వచ్చే తిరుమల లడ్డూ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అందులోని ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను అకస్మాత్తుగా పాడుచేయగలదు. ప్రసాదమే కదా అని పిల్లలో చుట్టాలో ఒక ముక్క పెట్టకుండా ముందే చెప్పి ఉంచండి. నొప్పికీ జ్వరానికీ మనం వేసుకునే ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కూడా కుక్కకు వేయకూడదు.

రక్తం, మూత్రం, రక్తపోటు పరీక్షలు వైద్యుడు చెప్పిన గడువుకు చేయించాలి. తిరుపతిలో 1955లో మొదలైన పశువైద్య కళాశాల ఉంది. అక్కడికి వెళ్లినా, వేరే వైద్యుడి దగ్గరికి వెళ్లినా, పాత రిపోర్టులూ నోటు పుస్తకమూ వెంట తీసుకెళ్లి, కిడ్నీ జబ్బు ఉందని ముందుగా చెప్పండి. ఎందుకంటే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ వంటి మందులు మూత్రపిండాలకు హాని చేస్తాయి.

కుక్క రోజంతా ఏమీ తినకపోయినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్లు తడి లేక వేలికి జిగటగా తగిలినా, మూత్రం తగ్గిపోయినా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.