మంగమారిపేట రాళ్ళను కాపాడుకునే విధానం: ఒడ్డు నుంచి డైవింగ్‌కు దిగేవారి కోసం

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డులో ఋషికొండ దాటి కొంత దూరం పోతే, తొట్లకొండ బౌద్ధారామానికి దిగువన మంగమారిపేట తీరం వస్తుంది. ఒడ్డున ఉన్న రాతి తోరణం దగ్గర ఫొటోలు దిగేవారు ఎందరో ఉన్నారు గాని, ఆ తీరపు రాళ్ళు నీటి కింద ఎలా ఉంటాయో చూసినవారు తక్కువ. తూర్పు కనుమల ఖోండలైటు శిలల మీద స్పంజికలు (స్పాంజి జీవులు), మెత్తని పగడాలు, సీ అనిమోన్లు (పువ్వుల్లా కనిపించే జీవులు) పట్టు దొరికిన చోటల్లా అల్లుకుని ఉంటాయి. పడవ అక్కర లేకుండా గాలి సిలిండరు వీపున వేసుకుని నడిచి దిగగలగడమే ఇలాంటి చోట్లకు ఉన్న ఆకర్షణ. వాటికి ముప్పు కూడా అటువైపు నుంచే వస్తుంది. ఇన్నాళ్ళుగా దిగుతూ నేను గమనించినంతలో, లోతున జరిగే నష్టం కంటే, మోకాలి లోతుకూ ఛాతీ లోతుకూ మధ్య ఉన్న ఆ కొద్ది మీటర్లలో మన పాదాలు చేసే నష్టమే ఎక్కువ. అందుచేత రక్షణ కూడా అక్కడి నుంచే మొదలు కావాలి.

ముందుగా, దిగే దారి ఒక్కటే ఉండాలి, అది ఇసుక దారి కావాలి. సముద్రం బాగా వెనక్కి తగ్గిన రోజున ఏ బరువూ లేకుండా వెళ్ళి, రాళ్ళ మధ్య ఇసుక పరుచుకున్న సందు ఎక్కడ ఉందో చూసి, ఒడ్డున కదలని గుర్తులు రెండు ఎంచుకోవాలి. ఆ రెండూ ఒకే వరుసలో కనిపించే చోటు నుంచే అందరూ దిగాలి, అందరూ ఎక్కాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇక్కడ ఆటుకూ పోటుకూ మధ్య తేడా సుమారు మీటరున్నర ఉంటుంది. డైవ్‌ను పోటు సమయానికి దగ్గరగా పెట్టుకుంటే ఒడ్డు రాళ్ళ మీదుగా తేలుతూ పోవచ్చు. ఆటు సమయంలో దిగితే అవే రాళ్ళను తొక్కుకుంటూ నడవవలసి వస్తుంది. ఫిన్లను (ఈదడానికి పాదాలకు తొడుక్కునే రెక్కలను) నడుము లోతు నీటిలో, ఇసుక మీద నిలబడి, తోటివారి భుజం ఆసరాగా తొడుక్కోవాలి తప్ప రాయి మీద కూర్చుని తొడుక్కోకూడదు. కెరటాలు ఆ అవకాశం ఇవ్వని రోజున డైవ్ మానుకోవడమే మేలు, ఎందుకంటే తడబడే మనిషి దొరికినదాన్నల్లా పట్టుకుంటాడు.

ఒకసారి పైకి వచ్చాక నా బూటు అడుగున చూసుకుంటే, గోధుమరంగు రబ్బరు ముక్కలాంటిది అంటుకుని ఉంది. గోటితో గీరితే మెత్తగా, జిగురుగా తగిలి, లోపల ఇసుక రేణువులు కనిపించాయి. అది జోయాంథిడ్: పగడాలకు దగ్గరి చుట్టం, తన ఒంట్లో ఇసుకను ఇముడ్చుకుని రాయిని పరుపులా కప్పే జీవి. నేను దారి తప్పి వేసిన ఒక్క అడుగుకు ఊడివచ్చిన ముక్క అది. (కొన్ని రకాల జోయాంథిడ్లలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది కనుక, గోటితో గీరిన నా తెలివితక్కువతనాన్ని ఎవరూ అనుకరించవద్దు.)

రెండో విషయం బరువు. మన తీరంలో నీరు అండమాన్‌లో మాదిరి అద్దంలా ఉండదు. ఏమీ కనిపించడం లేదని డైవర్ అడుగుకు మరింత దగ్గరగా పోతాడు, ఫిన్ల తాకిడికి మట్టి లేస్తుంది, లేచిన మట్టి నీటిని వడకట్టి బతికే స్పంజికల రంధ్రాలలో దిగబడుతుంది. దీనికి మూలం చాలాసార్లు మునగడానికి నడుముకు కట్టుకున్న అదనపు సీసమే. సిలిండరులో గాలి ఒత్తిడి 50 బార్లకు తగ్గాక, నిలువు లోతు నీటిలో, జాకెట్టులోని (గాలి నింపుకుని తేలడానికి వేసుకునే డైవింగ్ జాకెట్టు) గాలినంతా వదిలి, మామూలుగా ఊపిరి పీల్చి నిలిపినప్పుడు నీటి మట్టం కళ్ళ దగ్గర ఉండాలి. ఊపిరి వదలగానే మెల్లగా మునగాలి. అంతకంటే వేగంగా మునిగితే బరువు తగ్గించుకోవాలి. నిండు సిలిండరుతో ఈ పరీక్ష చేసేవారు, డైవ్‌లో ఖర్చయ్యే గాలి బరువే దాదాపు 2 కిలోలని లెక్కలో పెట్టుకోవాలి. లోపల ఒంటిని అడ్డంగా ఉంచి, మోకాళ్ళు మడిచి, కప్పలా కాళ్ళను పక్కలకు తన్నడం అలవాటు చేసుకుంటే మట్టి లేవదు. గేజీ (గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు), అదనపు రెగ్యులేటరు (ఊపిరి పీల్చే గొట్టం మూతి) వేలాడకుండా ఛాతీకి బిగించుకోవాలి. రాతిని రాసుకుంటూ పోయే గేజీ ఎంత గీస్తున్నదీ దాని యజమానికి తెలియదు.

మొదటిసారి దిగేవారిని రాళ్ళ దగ్గరకు తీసుకుపోకూడదు. ఇది శిక్షకులకు చెప్పే మాట, వారిలో కొందరికి రుచించదని కూడా తెలుసు, ఎందుకంటే డబ్బు కట్టి వచ్చిన మనిషి చేపలనూ పగడాలనూ చూపించమంటాడు. కాని మొదటి డైవ్‌లో మనిషికి తన చెవుల నొప్పీ, ఊపిరీ తప్ప మరొకటి పట్టదు. ఇసుక నేల మీద, ఒక్కరికి ఒక్క శిక్షకుడు చొప్పున, రాళ్ళకు రెండు మూడు మీటర్ల ఎడంగా ఉండి చూపించినా కావలసినంత కనిపిస్తుంది. వీడియో కోసం సీ అర్చిన్‌ను (ముళ్ళ బంతిలాంటి సముద్రజీవిని) పగలగొట్టి చేపలను పోగుచేసే అలవాటు ఎక్కడ కనిపించినా, అక్కడికక్కడే వద్దని చెప్పాలి.

ఇక వలలు. రాళ్ళకు చిక్కి తెగిపోయిన నైలాన్ వల, యజమాని మరిచిపోయాక కూడా పట్టుకుంటూనే ఉంటుంది: చిక్కిన చేపను తినడానికి పీత వస్తుంది, పీతా చిక్కుకుంటుంది. దాన్ని తీయడం పుణ్యకార్యంలా కనిపించినా, అనుభవం లేనివారు చేయవలసిన పని కాదు. కనీసం ఇద్దరు ఉండాలి, ఇద్దరి దగ్గరా కత్తెర ఉండాలి. వలల విషయంలో కత్తి కంటే మొండి మొన ఉన్న కత్తెరే నయం. వల ఊగుతున్న వైపు నుంచి కాకుండా, ప్రవాహం వచ్చే వైపు ఉండి, ఒక్కొక్క చేతి బారు ముక్కగా కోసి సంచిలో కుక్కుకోవాలి. బతికి ఉన్న ప్రాణిని ముందు విడిపించాలి, అదీ జీవిని లాగకుండా దాని చుట్టూ ఉన్న తాడును కోసి. పెద్ద వలను జాకెట్టులో గాలి నింపుకుని పైకి మోయాలని చూడవద్దు; మధ్యలో చేయి జారితే మనిషి అదుపు లేకుండా పైకి ఎగిరిపోతాడు. అన్నిటికంటే ముఖ్యంగా, వల మీద అప్పటికే స్పంజికలూ మెత్తని పగడాలూ పెరిగిపోయి ఉంటే దాన్ని పెకలించకూడదు. వేలాడుతున్న అంచులను మాత్రం కత్తిరించి, మిగిలినది రాయికే వదిలివేయాలి.

అయితే కోసే ముందు అడగడం మన బాధ్యత. మీకు వదిలేసిన వలగా కనిపించేది, తెల్లవారుజామున ఎవరో వేసి మధ్యాహ్నం తీసుకుందామనుకున్న వల కావచ్చు. దాని ఖరీదు వారికి చాలా రోజుల సంపాదన. ఊరి పెద్దలతోనూ, మత్స్యకారుల సహకార సంఘంతోనూ ముందుగా మాట్లాడి, పెద్దవల లాగే చోటునూ వేళనూ తెలుసుకుని, ఆ సమయంలో అటు దిగకూడదు. డైవింగ్ జెండాకు అర్థం ఏమిటో తెప్ప మీది మనిషికి తెలియాలన్న నియమం లేదు. నీటి మీద తేలే నారింజ రంగు బోయాను ఒడ్డునే చూపించి, “ఇది కనిపిస్తే కింద మేమున్నామని అర్థం” అని చెప్పడం ఏ జెండా కంటే ఎక్కువ పనిచేస్తుంది. మేము అలా చెప్పిన రోజున ఒక పెద్దాయన, “బాబూ, ఆ నల్లరాయి దగ్గర నా వల మూడుసార్లు చిరిగింది, ముందు అక్కడ చూడండి” అన్నాడు. చూస్తే నిజంగానే ఒకదాని మీద ఒకటి మూడు పొరలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది కనుక, సముద్రం అనుకూలిస్తే వలలు తీసే పని ఆ రోజుల్లో పెట్టుకోవచ్చు. కాని తెడ్డు వేసుకునే తెప్పలకు ఆ నిషేధం లేదని గుర్తుంచుకోవాలి.

వానాకాలంలో కొండల మీది నుంచి గెడ్డలు (వాగులు) మోసుకొచ్చే మట్టీ ప్లాస్టిక్కూ ఒడ్డు దగ్గరి రాళ్ళ మీదే పడతాయి. ఋషికొండకు 2020లో శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఇసుకను ఊడ్వడం మీద శ్రద్ధ పెరిగింది గాని, ఇసుకను ఊడ్చినంతలో నీటి అడుగు శుభ్రపడదు. సముద్రం అడుగున పది మంది కష్టపడి ఏరే చెత్త కంటే, తొలకరికి ముందు గెడ్డ ముఖద్వారం దగ్గర ఒక పూట ఏరే చెత్త ఎన్నో రెట్లు ఉంటుంది. పెద్ద వాన తరువాత నీరు తేటపడేవరకు డైవ్ వాయిదా వేసుకోవాలి.

చట్టం గురించి అనుమానానికి తావు లేదు. గట్టి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు (విసనకర్ర ఆకారపు పగడాలు), సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు కింద ఉన్నాయి. వాటిని పట్టడం, తీసుకుపోవడం నేరం; ఆ నేరానికి మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు జైలు పడవచ్చు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పగడం ముక్కను కూడా జ్ఞాపకంగా ఇంటికి తీసుకుపోకూడదు. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఈ తీరానికి వస్తాయి. ఆ నెలల్లో రాత్రి డైవ్‌లు మానుకోవాలి, ఒడ్డున దీపాలు వెలిగించకూడదు, గూడు కనిపిస్తే తాకకుండా అటవీశాఖకు తెలియజేయాలి.

చివరగా, చూసినది రాసి పెట్టుకోవాలి. సులభంగా గుర్తుపట్టగల రాళ్ళు నాలుగైదు ఎంచుకుని, వాటికి నంబర్లు పెట్టి, నెలకొకసారి అదే దిక్కు నుంచి, అంతే దూరం నుంచి ఫొటో తీయాలి. దూరం మారకుండా ఉండడానికి మీటరు పొడవు తాడు ఒకటి కెమెరాకు కట్టుకుంటే చాలు. తేదీ, పోటు సమయం, ఆ రోజు దిగినవారి సంఖ్య పలక మీద రాసుకుని, జీవుల ఫొటోలను ఐనాచురలిస్ట్‌లో (జీవులను గుర్తించే వెబ్‌సైటులో) పెడితే తెలిసినవారు పేర్లు చెబుతారు. ఒక రాయి మీద జీవుల పొర వరుసగా రెండు నెలలు పలచబడినట్టు కనిపిస్తే, కారణం తేలేవరకు ఆగకుండా ఆ రాయిని అందరి దారి నుంచీ తప్పించి, కనీసం ఒక ఋతువు పాటు దాని దగ్గరకు ఎవరినీ తీసుకుపోకూడదు.