తాళం వేసినట్టే ఉంది, తలుపు మాత్రం తెరిచి ఉంది

మా వీధిలో ఒక ఇంట్లో దొంగలు పడిన మర్నాడు వెళ్ళి చూశాను. అరకిలో బరువుండే తాళం కప్ప గుమ్మం ముందు పడి ఉంది. దాని మీద గీత కూడా లేదు. పక్కనే ద్వారబంధం నుంచి ఊడివచ్చిన కొండీ, రెండు పొట్టి స్క్రూలు. ఆ ఇంటాయన బజారుకు వెళ్ళి ఇంకా పెద్ద తాళం తెచ్చి, మళ్ళీ ఆ కొండీకే వేశారు!

గొళ్ళెం ఊపితే కదులుతోంది

తాళం వేసి, బయటినుంచి రెండు చేతులతో గట్టిగా ఊపండి. కొండీ కాస్త కదిలినా ఇనుప కడ్డీ దూర్చి మెలితిప్పితే ఊడివస్తుంది. చాలాసార్లు కారణం ముప్పావు అంగుళం స్క్రూలే. వాటి తలలు బయటికి కనిపిస్తుంటే కడ్డీ కూడా అక్కర్లేదు, స్క్రూడ్రైవరు చాలు.

వడ్రంగిని పిలిచి, తలుపు చెక్కను దాటి లోపలికి వచ్చే బోల్టులు వేయించండి. నున్నటి గుండ్రని తల బయట, వాషరూ నట్టూ లోపల ఉండాలి. ద్వారబంధం వైపు మూడంగుళాల స్క్రూలు, తాళం వేస్తే అవి మరుగునపడే రకం కొండీ వాడండి. బిగించేముందు ఆ చెక్కను స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడండి. మొన సులువుగా దిగబడితే చెక్క చెదలు పట్టో, పుచ్చిపోయో ఉన్నట్టే. అక్కడ ఏ బోల్టూ నిలవదు, ముందు ఆ ముక్క మార్పించాలి.

ఇన్ని చేసినా బయట వేలాడే తాళం, ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా చెబుతూనే ఉంటుంది. వీలైతే తలుపులోనే ఇమిడే తాళం పెట్టించుకోవడం నయం.

తాళంచెవి తిరగడం లేదు

వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, పై మడతబందు స్క్రూలు వదులై తలుపు వాలుతుంది. గడియ గాడిలోకి సగమే దిగుతుంది. విసుగొచ్చి మనం రెండో చుట్టు తిప్పడం మానేస్తాం. గడియ చివర కాస్త కుంకుమ రాసి తాళం వేసి చూడండి, ఎక్కడ తగులుతోందో మరక చెబుతుంది. పై మడతబందుకు పొడవాటి స్క్రూలు వేస్తే తరచు తలుపు మళ్ళీ సరిగా నిలబడుతుంది. అప్పటికీ తగులుతుంటే గాడిని ఆకురాయితో కొద్దిగా పెద్దది చేయండి.

తాళంలో కొబ్బరినూనె మాత్రం పోయకండి. దుమ్ముతో కలిసి జిగురవుతుంది. పెన్సిల్ ములుకు పొడి చాలు.

సిలిండర్ బయటికి పొడుచుకువచ్చింది

అపార్ట్‌మెంట్ తలుపుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇది. హ్యాండిల్ కింద తాళంచెవి దూర్చే సిలిండర్, దాని చుట్టూ ఉండే లోహపు పలక కన్నా మూడు మిల్లీమీటర్లకు మించి బయటికి ఉంటే పట్టుకారుతో పట్టి విరిచేయవచ్చు. మధ్యలో స్క్రూ రంధ్రం ఉన్నచోట అది సన్నగా ఉంటుంది, అక్కడే విరుగుతుంది. తాళం మొత్తం మార్చనక్కర్లేదు. మధ్య స్క్రూ నుంచి రెండు వైపులా కొలిచి, పలకతో సమంగా ఉండే సిలిండర్ తెచ్చుకోండి. అద్దె ఇంట్లో కొత్తగా దిగినా యజమానిని అడిగి ఇదొక్కటి మార్పించండి. పాత తాళంచెవులు ఎందరి దగ్గరున్నాయో ఎవరికి తెలుసు?

లాగితే చాలు, తలుపు పడుతోంది

స్ప్రింగుతో పడే ఏటవాలు గడియను సందులోంచి ప్లాస్టిక్ కార్డుతో వెనక్కి నెట్టే వీలుంది. పాలప్యాకెట్ కోసం వెళ్ళినా చెవి తిప్పి తాళం వేయండి.

పెరటి తలుపు, మేడ తలుపు

వీధి తలుపుకు వేలు ఖర్చుపెట్టి, వీటికి రేకు గడియతో సరిపెడతాం. పైనా కిందా లావుపాటి ఇనుప గడియలు వేయించండి. పక్క కిటికీలోంచి చేయి పెడితే గడియ అందుతుందేమో బయట నిలబడి మీరే ప్రయత్నించండి. అందితే కిటికీకి గట్టి ఇనుప జాలీ బిగించాలి. రాత్రి లోపలినుంచి తాళం వేసుకునేవారు, తాళంచెవిని కిటికీకి అందనంత దూరంలో, అగ్నిప్రమాదం జరిగితే చీకట్లోనూ చేతికి దొరికే మేకుకు తగిలించండి.