సిఫార్సు నివేదికకు ముందు ఆఫీసులో ప్రపోజల్ ఎలా రాయాలి?

ఆఫీసులో ఒక పని పద్ధతి సరిగ్గా నడవడం లేదు, దాన్ని మార్చాలి. ఏది ఎలా మార్చాలో పరిశీలించి ఆధారాలతో చెప్పేది సిఫార్సు నివేదిక. ఆ పరిశీలన చేయడానికి అనుమతీ సమయమూ ఇమ్మని ముందుగా అడిగేది ప్రపోజల్. ఒకటి రెండు పేజీలు చాలు. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. "ఫలానా సాఫ్ట్‌వేర్ కొనాలి" అని మొదటి పేరాలోనే రాసేస్తే, "జవాబు ముందే తెలిసినప్పుడు ఇక పరిశీలన దేనికి?" అని మేనేజర్ అడుగుతారు. ఆ ప్రశ్నకు మీ దగ్గర సమాధానం ఉండదు.

కింది వివరాలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. కస్టమర్ల ఫిర్యాదులన్నీ ఒకే మెయిల్ ఇన్‌బాక్స్‌కు వస్తాయి. ఐదుగురు ఉద్యోగులు దాన్ని చూస్తారు. కొన్ని మెయిళ్లకు ఇద్దరు జవాబిస్తున్నారు, కొన్నిటి జోలికి ఎవరూ పోవడం లేదు. ఇందులోని అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవే.

1. ‘సరే’ అనగలిగేది ఎవరో తేల్చుకోండి

మీ సమయానికి అనుమతి ఇచ్చేవారు ఒకరు, ఖర్చుకు అనుమతి ఇచ్చేవారు ఇంకొకరు కావచ్చు. ప్రపోజల్ మొదటివారి పేరున రాయండి, రెండోవారికి కాపీ పంపండి. ఆ ఇన్‌బాక్స్ ఎవరి బాధ్యతలో ఉందో వారితో మాత్రం రాయకముందే పది నిమిషాలు మాట్లాడండి. తమ పని గురించి పైవాళ్లకు కాగితం వెళ్లిందని వేరే ఎవరో చెబితే తెలిసినవారు సహకరించరు. రేపు మీకు కావలసిన లెక్కలన్నీ ఉండేది వారి దగ్గరే.

2. సమస్యను అంకెల్లో రాయండి

ఎక్కువ కష్టపడాల్సింది ఇక్కడే. "జవాబులు ఆలస్యమవుతున్నాయి, కస్టమర్లు అసంతృప్తిగా ఉన్నారు" అనే వాక్యం ఏ ఆఫీసుకైనా అతుకుతుంది, అందుకే దానికి బరువు ఉండదు. ఒక వారం మెయిళ్లు తీసి లెక్కపెట్టండి. ఒక పూటలో అయిపోతుంది. అప్పుడు ఇలా రాయొచ్చు:

"గత వారం 60 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో 7 మెయిళ్లకు ఇద్దరు ఉద్యోగులు వేర్వేరుగా జవాబిచ్చారు. 9 మెయిళ్లకు మూడు రోజులు దాటినా జవాబు వెళ్లలేదు. ఏ మెయిల్ ఎవరు చూస్తున్నారో మిగతావారికి తెలిసే ఏర్పాటు ప్రస్తుతం లేదు. ఇది ఒక్క వారం లెక్క మాత్రమే. మిగతా వారాల్లోనూ ఇలాగే ఉందా అన్నది పరిశీలనలో తేలాలి."

చివరి వాక్యాన్ని తీసేయాలనిపిస్తుంది, తీసేయకండి. ఒక వారం లెక్కను ఏడాది మొత్తానికి అంటగడితే, మేనేజర్ తన దగ్గరున్న లెక్కలతో పోల్చి చూసిన క్షణంలో ప్రపోజల్ మొత్తం మీద నమ్మకం పోతుంది. పేర్లు కూడా వద్దు. "ఫలానా వారు మెయిళ్లు చూడడం లేదు" అని రాస్తే అది ఫిర్యాదు పత్రం అవుతుంది, దాని మీద జరిగే చర్చ కూడా మనుషుల చుట్టూనే తిరుగుతుంది.

3. నివేదిక ఏ ప్రశ్నకు జవాబిస్తుందో ఒక్క వాక్యంలో చెప్పండి

"ఐదుగురు కలిసి చూసే ఇన్‌బాక్స్‌లో ప్రతి ఫిర్యాదుకూ ఒకే బాధ్యుడు ఉండేలా చేయడానికి ఏ పద్ధతి తగినది?" ఇలా ఉంటే చాలు. "కస్టమర్ సేవను మెరుగుపరచడం ఎలా?" అని రాస్తే ఆరు నెలలైనా తెమలదు. దీని కిందే, ఏది పరిశీలించరో కూడా రాయండి: ఫోన్‌లో వచ్చే ఫిర్యాదులు, ఉద్యోగుల సంఖ్య పెంపు ఇందులోకి రావు. ఈ గీత గీయకపోతే పని మధ్యలో "పనిలో పని, అది కూడా చూడండి" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు.

4. పోల్చే మార్గాలు, కొలిచే ప్రమాణాలు

మూడు మార్గాలు సరిపోతాయి. ఉన్న పద్ధతినే ఉంచి ఏ రోజు ఎవరు చూడాలో వంతులు వేసుకోవడం ఒకటి. అందరూ నింపే ఎక్సెల్ షీట్ రెండోది. ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరిచ్చి ఒకరికి అప్పగించే సాఫ్ట్‌వేర్ మూడోది. పైసా ఖర్చు లేని మార్గం కనీసం ఒకటి ఉండాల్సిందే. అది లేని ప్రపోజల్‌ను కొనుగోలు కోసం వేసిన ఎత్తుగా చూస్తారు, అలా చూడడంలో తప్పూ లేదు.

ప్రమాణాలను రెండు రకాలుగా విడదీయండి. తప్పనిసరి అయినవి: ఏడాది ఖర్చు ఇంత మించకూడదు, కస్టమర్ల వివరాలు దాచే విధానానికి ఐటీ విభాగం ఒప్పుకోవాలి. ఈ రెండింటిలో ఒక్కటి తప్పినా ఆ మార్గం పోటీలో ఉండదు. ఉంటే మంచిది అనిపించేవి: ఒక పూటలో నేర్చుకోగలగడం, ఫోన్‌లోనూ పనిచేయడం. వీటికి మార్కులు వేస్తారు, ఏది ఎక్కువ ముఖ్యమో ముందే చెబుతారు. సాఫ్ట్‌వేర్‌ల డెమోలు చూడకముందే ఈ జాబితా ఖాయం చేయాలి. చూశాక రాస్తే, నచ్చినదానికి తగ్గట్టు ప్రమాణాలు మారిపోతాయి. మారాయని మనకే తెలియదు.

5. పని ఎలా చేస్తారో, ఎన్ని గంటలు పడుతుందో

"ఉద్యోగుల అభిప్రాయాలు సేకరిస్తాం" అన్నది పద్ధతి కాదు. ఎవరిని, ఎంతసేపు, ఏం అడుగుతారో రాయండి. మన ఉదాహరణలో లెక్క ఇలా వస్తుంది:

- గత మూడు నెలల్లోంచి 200 మెయిళ్లు, ఒక్కోదానికి 2 నిమిషాలు: దాదాపు 7 గంటలు
- ఐదుగురితో అరగంట చొప్పున మాట్లాడడం: రెండున్నర గంటలు; ఆ నోట్సు శుభ్రంగా రాయడానికి మరో రెండున్నర
- రెండు సాఫ్ట్‌వేర్‌ల ట్రయల్: 4 గంటలు
- నివేదిక రాయడం: 8 గంటలు

మొత్తం 24 గంటలు. వారానికి సగటున ఆరు గంటల చొప్పున నాలుగు వారాల పని. సహోద్యోగుల సమయం విడిగా రెండున్నర గంటలని కూడా చూపించండి. మేనేజర్‌కు అదీ ఖర్చే. 200 మెయిళ్లను మూడు నెలల్లో అన్ని వారాల నుంచీ తీసుకుంటామని రాయండి. రద్దీగా ఉన్న వారంలోవే తీస్తే ఫలితం ఒకవైపు ఒరిగిపోతుంది. మెయిళ్లలో కస్టమర్ల సొంత వివరాలుంటాయి కాబట్టి, పేర్లూ నంబర్లూ మీ నోట్సులోకి ఎక్కవని ఒక వాక్యం చేర్చండి.

ప్రశ్నల విషయంలో ఒక జాగ్రత్త. "కొత్త సాఫ్ట్‌వేర్ ఉంటే పని సులువవుతుందా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "నిన్న మీరు చూసిన మెయిల్‌ను ఇంకొకరు కూడా చూస్తున్నారని ఎలా తెలిసింది?" అని అడిగితే పనికొచ్చేది దొరుకుతుంది.

6. గడువు

నివేదిక ఇచ్చే తేదీ నుంచి వెనక్కి లెక్కించండి. రాయడానికి ఒక వారం, దాని ముందు ట్రయల్‌కు ఒకటి, అంతకుముందు మెయిళ్లకు, మాటలకు రెండు. నెలాఖరు పనులు, సెలవులు అడ్డొస్తాయేమో క్యాలెండర్‌లో చూసుకోండి. సగం పని అయ్యేసరికి అర పేజీ ప్రోగ్రెస్ నోట్ ఇస్తామని రాస్తే, అనుమతి ఇచ్చేవారికి ధీమా.

7. అన్నీ రాశాక పైభాగం రాయండి

ఎవరికి, ఎవరి నుంచి, తేదీ, సబ్జెక్ట్. సబ్జెక్ట్‌లో అడుగుతున్నదేమిటో తెలియాలి: "ఫిర్యాదుల ఇన్‌బాక్స్‌పై 4 వారాల పరిశీలనకు అనుమతి కోసం." మొదటి పేరాలో నాలుగు వాక్యాలు మించవద్దు: సమస్య, ప్రశ్న, కావలసిన గంటలు, నివేదిక వచ్చే తేదీ. చాలామంది చదివేది ఆ పేరానే, మిగతాది సందేహం వచ్చినప్పుడు తిరగేస్తారు. మీరే ఎందుకు చేయగలరో చివర్లో రెండు వాక్యాల్లో చెబితే చాలు.

ముగింపులో "మీ సానుకూల స్పందన కోసం ఎదురుచూస్తూ" అని రాస్తే కాగితం ఎన్నాళ్లయినా బల్లమీదే ఉండిపోతుంది. "సోమవారం పని మొదలుపెట్టాలంటే శుక్రవారంలోగా మీ ఆమోదం కావాలి" అనండి.

అనుమతి నోటిమాటగా వస్తే, అదే రోజు "మీరు చెప్పినట్టు 24 గంటలు, నాలుగు వారాలు" అని ఒక మెయిల్ పెట్టండి. కాదంటే, అడ్డం వచ్చింది గంటలా, ఖర్చా, సమస్య అంత పెద్దది కాదనా అని అడగండి. గంటలే అయితే 200 మెయిళ్లను 60కి తగ్గించి, ట్రయల్ తీసేసి, రెండు వారాల ప్రపోజల్‌గా మళ్లీ ఇవ్వొచ్చు. అలా ఇస్తే నివేదిక ఏ విషయం తేల్చలేదో కూడా అందులోనే రాయండి.