సొంతంగా భక్తి టీవీ ఛానెల్ పెట్టడానికి పర్మిషన్‌కి అప్లై చేసే ముందు ఇవి చూస్కోండి

ఫస్ట్ న్యూసా, నాన్-న్యూసా తేల్చుకోండి. కేంద్ర సమాచార ప్రసార శాఖ 2022 గైడ్‌లైన్స్ ప్రకారం మొదటి ఛానెల్‌కి కంపెనీ నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) నాన్-న్యూస్ అయితే కనీసం 5 కోట్లు, న్యూస్ అయితే 20 కోట్లు ఉండాలి, అందుకే భక్తి, వంటల ఛానెళ్లు నాన్-న్యూస్‌లోనే వేస్తారు, కానీ పర్మిషన్ వచ్చాక పొద్దున్నే పది నిమిషాల బులెటిన్ పెడదాం అంటే కుదరదు.

హోంశాఖ సెక్యూరిటీ క్లియరెన్స్ కంపెనీకే కాదు, డైరెక్టర్లకి కూడా ఉంటుంది, కాబట్టి పాన్‌లో "వెంకట", పాస్‌పోర్ట్‌లో "వి." అని ఉంటే ముందే సరిచేయించండి, మా బాబాయ్ ఫైలు దీనికే ఆగింది.

ఛానెల్ పేరు, లోగో మీ కంపెనీ మీదే ఉండాలి, డిజైనర్ మీద కాదు.

అప్లికేషన్ బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లోనే (ఆ శాఖ వెబ్‌సైట్) వేయాలి. బ్యాంక్ గ్యారంటీకి (మీ తరఫున ప్రభుత్వానికి బ్యాంకు ఇచ్చే హామీ) డబ్బు పక్కన పెట్టుకోండి, మీ ఛానెల్ చూపించడానికి కేబుల్ వాళ్లకి కట్టే క్యారేజ్ ఫీజు వేరే, అసలు జేబు ఖాళీ అయ్యేది అక్కడే.